తప్పు కింద తన పేరు రాసిన సరోజినీ మేడం

మొన్న పొద్దున సరోజినీ మేడం అక్క కూతురు ఫోన్ చేసి, "పిన్ని లేరండీ" అంది. "ఎక్కడికెళ్ళారు?" అని అడిగాను. నిత్యం మరణాల మధ్యే ఉద్యోగం చేసేవాణ్ణి, అయినా అలాగే అడిగాను. నిద్రలోనే గుండె ఆగిందట. అనాయాస మరణం ఆమెకు దక్కాల్సిందే. మాకే ఇంకా మింగుడుపడటం లేదు.

డీఎన్ఏ పరీక్షంటే పోలీసులకే వింతగా ఉన్న కాలంలో మా ఫోరెన్సిక్ ప్రయోగశాలలో ఆ విభాగాన్ని నిలబెట్టిన విదుషీమణి ఆమె. నేను ఆమె శిష్యుణ్ణి. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, అబిడ్స్‌లో ఒక పాత భవనం మేడమీద నివాసం. నాంపల్లి స్టేషన్ దగ్గర ఇరానీ చాయ్ పడనిదే ఆమెకు పని సాగేది కాదు. నేను నల్లగొండవాణ్ణి. "గట్లనే అయ్యుంటది మేడం" అని నోరు జారితే, "గట్లనా? అయితే గట్లనే రిపోర్టులో రాయి నాయనా, జడ్జిగారు చదువుకుని మురిసిపోతారు" అని ఆటపట్టించేవారు. ఊహాగానాలంటే ఆమెకు అంత ఒళ్ళుమంట.

మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళు ఏ వస్తువూ ముట్టుకోకముందే ఆమె ముందు కూర్చుని నోరు తెరవాలి. బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి నమూనా తీసేవారు. ఊడ్చే యాదమ్మ నుంచి డైరెక్టరుగారి దాకా అందరి డీఎన్ఏ వివరాలూ కంప్యూటర్లో ఉండేవి. తెగని కేసుల డేటాబేస్‌లో ఏది సరిపోలినా, ముందు దాన్ని మా వివరాలతో పోల్చి చూడాల్సిందే. "బయటివాణ్ణి పట్టుకునే ముందు మనల్ని మనం సోదా చేసుకోవాలయ్యా" అనేవారు.

ఆ సోదాలో ఒకసారి ఆమే పట్టుబడ్డారు. చాదర్‌ఘాట్‌లో ఇళ్ళలో పనిచేసుకునే లచ్చమ్మ కూతుర్ని ఎవరో చంపేశారు. ఎవరో తేలలేదు. ఏళ్ళు గడిచాక, డేటాబేస్ పెట్టిన కొత్తలో, ఆ పిల్ల చున్నీ మీది డీఎన్ఏ కాచిగూడ లాడ్జిలో జరిగిన మరో హత్య కేసుతో సరిపోలింది. రెండింటిలోనూ ఒకే ఆడమనిషి చెయ్యి ఉందని పోలీసులు సంబరపడ్డారు. లచ్చమ్మకు కబురు కూడా వెళ్ళింది. మేడం మాత్రం యథావిధిగా మా వివరాలతో పోల్చారు. ఆ ఆడమనిషి ఆమే. మాస్కుల అలవాటు లేని పాతరోజుల్లో ఆ రెండు కేసుల బట్టలూ ఆమే మాట్లాడుతూ విప్పి చూశారు. నోటి తుంపర చాలు కదా.

"సాంకేతిక లోపం" అని రాసి ఊరుకోవచ్చు, ఎవరూ అడగరు. ఆమె రిపోర్టులో తన పేరే రాశారు. అంతటితో ఆగలేదు. ఆశగా వచ్చి వరండాలో కూర్చున్న లచ్చమ్మ పక్కన తానూ కూర్చున్నారు.

"దొరికిందట గద మేడం?"

"లేదమ్మా. ఆ గుడ్డ మీద దొరికింది నేనే. తప్పు నాదే."

"మీరు జెప్పకుంటె నాకెట్ల ఎరుకైతుండె?" అంది లచ్చమ్మ.

"నీ బిడ్డ సంగతి నీకు చెప్పకుండా ఇంకెవరికి చెప్పనమ్మా?"

అంతటి సత్యనిష్ఠను నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు.

ఆ చున్నీ కొస ఒకటి మాత్రం ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నమూనా మొత్తం ఒకేసారి వాడేస్తే ఆమెకు ప్రాణం విలవిల్లాడేది. "మనకన్నా మంచి యంత్రాలొస్తాయి, మనకన్నా తెలివైనవాళ్ళొస్తారు. వాళ్ళకీ కాస్త ఉంచండర్రా" అని పోరేవారు. పదవీ విరమణకు ముందు ఆ కొసలోంచే ఒక మగవాడి డీఎన్ఏ తీసి డేటాబేస్‌లో చేర్చారు. ఎవరితోనూ సరిపోలలేదు. ఆ తర్వాత ఆదివారాల్లో అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాలు తిరగేస్తూ కనిపించేవారు. నన్ను చూడగానే "ఏమైనా తేలిందా?" అనేవారు. లేదని చెబితే నిట్టూర్చి పుస్తకం బేరంలో పడిపోయేవారు.

పోయిన వారం, వేరే కేసులో పట్టుబడిన ఒకడి నమూనా ఆ డీఎన్ఏతో సరిపోలింది. మా అందరి వివరాలతో పోల్చాను, మేడం వివరాలతో సహా. మళ్ళీ కొత్తగా పరీక్ష పెట్టాను. ఖాయమయ్యాక నేనే వెళ్ళి మేడంకు చెప్పి ఆమె ముఖం చూడాలనుకున్నాను. మొన్న దహనం నుంచి తిరిగొచ్చేసరికి ఫలితం నా బల్ల మీద ఉంది.

నిన్న దర్యాప్తు అధికారితో కలిసి లచ్చమ్మ ఇంటికి వెళ్ళాను. మనిషి దొరికాడని ఆయన చెప్పారు. ఆమె కదల్లేదు. ఒకసారి ఆశపడి దెబ్బతిన్న తల్లి. నా వైపు తిరిగి, "మేడం జూసిన్రా? ఆమె ఔనన్నదా?" అంది.

"మేడం మొన్న చనిపోయిన్రమ్మా. ఆమె నేర్పినట్టే అంతా చూసిన."

నేరం తేల్చడానికి కోర్టుంది, పరీక్షలకు యంత్రాలున్నాయి. ఒక తల్లి అంతగా నమ్మిన మనిషి మాత్రం మాకిక లేరు. ఆ లోటు ఎవరు తీర్చగలరో నాకు తెలియదు.

లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కూతుర్ని చంపినవాడి పేరు ఆ తర్వాతే అడిగింది. నా గురువుకు అంతకు మించిన నివాళి రాయడం నాకు చేతకాదు.