ముందు నీ వేలికి

కల్లాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో మా వీధిలో తుమ్మకుండా ఎవరూ రెండు మాటలు మాట్లాడలేరు. ఈ ఉదయం కూడా గడప దాటగానే ముక్కు మండింది, కళ్లు చెమర్చాయి. సంచీలోంచి ఆక్సిజన్ చూసే క్లిప్పు తీసి, అలవాటు ప్రకారం ముందు నా చూపుడు వేలికి పెట్టుకున్నాను. అది వేలిని మెత్తగా పట్టుకుంది. లోపల ఎర్ర దీపం వెలిగి, తొంభై ఎనిమిది అని చూపించింది. ఆ చిన్న పట్టు తగిలినప్పుడల్లా అనసూయమ్మగారు నా వేలు పట్టుకున్నట్టే ఉంటుంది. ఆమెను ఎరగనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అనసూయమ్మగారు ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేసి, రిటైరయ్యాక మా ఊరు వచ్చి స్థిరపడ్డారు. ఒక ట్రస్టు వాళ్లు పంచాయతీ ఆఫీసు పక్క గదిలో టెలీమెడిసిన్ కేంద్రం పెట్టి దాన్ని ఆమె చేతికి అప్పగించారు. గుండె జబ్బో, ఆయాసమో ఉన్న పెద్దవాళ్లు మా ఊళ్లో పదకొండు మంది ఆ కేంద్రం కింద ఉండేవాళ్లు. రోజూ పొద్దున్నే వాళ్ల ఇళ్లకు వెళ్లి బీపీ, నాడి, ఆక్సిజన్, బరువు చూసి ట్యాబ్‌లో ఎక్కించాలి. ఎక్కించిన మరుక్షణం ఆ అంకెలు గుంటూరులో ఉన్న డాక్టరుగారి ముందు ఉంటాయి. ఏదైనా తేడాగా ఉంటే అక్కడ ఎర్రగా కనిపిస్తుంది, ఆయన వెంటనే ఫోను చేస్తారు. మంగళవారం, శుక్రవారం తెర మీద రోగులతో స్వయంగా మాట్లాడతారు.

ఇంటింటికీ తిరిగే ఆ పనికి మనిషి కావాలంటే వెళ్లాను. నేను బడి మెట్లు ఎక్కినదాన్ని కాను. మా నాన్న చర్చీల్లో ఉపదేశి. రెండేళ్లకోసారి ఊరు మారేవాళ్లం. పొదిలి వైపు ఒక ఊరు, కనిగిరి వైపు మరో ఊరు. ఉదయం ప్రార్థన అయ్యాక అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలూ లెక్కలూ ఆయనే నేర్పారు. పెళ్లయి ఈ ఊరొచ్చాక, ఇంటి దగ్గరే చదువుకుని పదో తరగతి పరీక్ష రాశాను. ఆ ఒక్క కాగితం పట్టుకుని ఆమె ఎదుట నిలబడ్డాను.

"ఏ బళ్లో చదివావు?"

"బడికి పోలేదండీ. ఇంట్లో మా నాన్నే చెప్పారు."

"ముసలాళ్లు తిడితే ఏడుస్తావా?"

"ఏడవనండీ." ఒక్క క్షణం ఆగి, "ఇంటికెళ్లాక ఏడుస్తానేమో," అన్నాను.

ఆమె గదంతా వినపడేలా నవ్వారు. "చదవటం వచ్చు, అబద్ధం రాదు. నాకదే కావాలి. రేపట్నుంచి రా, శాంతమ్మా."

ఆ మాటను నేను ఒక సర్టిఫికెట్‌లాగా మనసులో దాచుకున్నాను. అది ఎంత తేలిగ్గా చిరిగిపోతుందో అప్పటికి తెలియదు.

ఆమె గొంతు పెద్దది. ఎవరితోనైనా పొలం అవతలి గట్టు మీద ఉన్నవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడేవారు. డాక్టరుగారినీ వదిలేవారు కాదు. ఒక శుక్రవారం తెర ముందు కూర్చున్న ప్రతివాళ్లూ దగ్గుతుంటే ఆయన కంగారుపడి, అందరికీ ఎక్స్‌రే తీయిద్దామన్నారు. "ఇది మిరపకాయల కాలమండీ. ఊళ్లో కుక్కలు కూడా దగ్గుతున్నాయి. వాటికీ తీయిస్తారా?" అని ఈమె. ఆయన నవ్వి ఊరుకున్నారు. నాకు పని నేర్పేటప్పుడు మాత్రం నెమ్మదిగా చెప్పేవారు. మెషిన్‌కి తెలిసేది వేలి కొన వరకేనని, గోరు రంగు ఉన్నా, గోరింటాకు ఉన్నా, చెయ్యి చల్లబడినా అది తడబడవచ్చని చెప్పారు. నేను ఆ మాట బాగా గుర్తుపెట్టుకున్నాను. గుర్తుపెట్టుకున్న మాటే నన్ను పడేసింది.

కోటమ్మ అని మా పదకొండు మందిలో ఒకామె. ఆయాసం మనిషి. అయినా సీజన్‌లో మిరపకాయలకు తొడిమలు తీయడానికి పోకుండా ఉండలేదు. ఆ వారం ఆమె మనవరాలి ఓణీల ఫంక్షను. ఆదివారం ముహూర్తం. గురువారం పొద్దున నేను వెళ్లేసరికి ఇంట్లో ఆడవాళ్లందరి చేతులూ ఎర్రగా పండి ఉన్నాయి. కోటమ్మ దగ్గుతూనే వేలు చాపింది. క్లిప్పు ఎనభై ఆరు చూపించింది. అంతకు ముందు రోజు తొంభై ఐదు. వేలు తుడిచి మళ్లీ పెట్టాను. ఎనభై ఆరే.

"గోరింటాకు పెట్టుకున్నాగా, దానికి కళ్లు ఆనట్లా," అంది కోటమ్మ. "నిన్నటిదే రాసెయ్యమ్మా. తక్కువ రాశావంటే ఆ డాక్టరు గుంటూరు రమ్మంటాడు. నా మనవరాలు పీట మీద కూర్చునేటప్పుడు నేను లేకపోతే ఎట్టా?"

గోరింటాకుతో మెషిన్ తడబడుతుందని నర్సమ్మగారే చెప్పారు కదా. దగ్గంటారా, ఊరంతా దగ్గుతోంది. పైగా ఆమె ముఖంలో ఆ సంబరం. నేను తొంభై ఐదు అని ఎక్కించాను. నాడి మాత్రం ఎంత ఉంటే అంత, నూట పద్ధెనిమిది అని రాశాను. నూట ఇరవై దాటితేనే అది ఎర్రబడుతుంది. దయ చేశాననుకుంటూనే తర్వాతి ఇంటికి వెళ్లాను.

పదకొండు గంటలకు అనసూయమ్మగారు ట్యాబ్ చూస్తూ ఆగిపోయారు. "కోటమ్మ గుండె ఇట్టా పరిగెత్తుతుంటే ఊపిరి మాత్రం కులాసాగా కూర్చుందేంటి?"

ఆమె నా వైపు ఒక్కసారి చూసి స్కూటరు తాళం తీసుకున్నారు. "ఎక్కు."

కోటమ్మ వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. అనసూయమ్మగారు క్లిప్పును ముందు తన వేలికి పెట్టుకున్నారు. తొంభై ఏడు. తర్వాత కోటమ్మ కోడలిని పిలిచి, గోరింటాకు పండిన ఆమె వేలికి పెట్టారు. తొంభై ఎనిమిది. అప్పుడు కోటమ్మ వేలికి పెట్టారు. ఎనభై నాలుగు.

"గోరింటాకు అత్తకూ కోడలికీ ఒకటే," అన్నారు నాకు మాత్రమే వినపడేలా. ఆమె అంత చిన్నగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

అక్కడి నుంచే డాక్టరుగారికి వీడియో కాల్ చేశారు. ఆయన కోటమ్మ పక్కటెముకలు ఎగరడం చూసి, ఊపిరితిత్తులకు నిమ్ము చేరినట్టుంది, క్షణం ఆలస్యం వద్దన్నారు. కోటమ్మ పక్కనున్న మంచంకోడు పట్టుకుంది. "ఆదివారం దాకా ఆగండమ్మా. తర్వాత ఎక్కడికైనా వస్తా."

"ఆదివారం నువ్వు పీట దగ్గరుండాలా, పటంలో ఉండాలా? నువ్వే చెప్పు," అన్నారు అనసూయమ్మగారు.

కోటమ్మ మంచంకోడు వదిలింది. అంబులెన్సు వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు స్కూటరు మీద నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కేంద్రం ముందు బండి ఆపి, దిగకుండానే అడిగారు.

"బద్ధకించి రాశావా, జాలిపడి రాశావా?"

"జాలిపడేనండీ."

"బద్ధకమైతే మాన్పించి పంపేదాన్ని, సరిపోయేది. జాలితో చేసిన తప్పు మళ్లీ చేస్తారు, మంచిపనే అనుకుంటారు కాబట్టి." క్లిప్పు తీసి నా చేతిలో పెట్టారు. "మెషిన్ మీద అనుమానం వస్తే ముందు నీ వేలికి పెట్టుకో. అనుమానం రాకపోయినా పెట్టుకో. ఇప్పుడు డాక్టరుగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పు. నేను చెప్పను."

ప్రతి ఆదివారం మోకాళ్ల మీద ఎన్నో తప్పులు ఒప్పుకున్నదాన్ని. ఆ ఒక్క ఫోను చేయడం వాటన్నిటికంటే కష్టమైంది. డాక్టరుగారు అంతా విని, "సరైన అంకె ఎక్కించండమ్మా," అన్నారు, అంతే. ట్యాబ్‌లో ఒకసారి ఎక్కించింది చెరగదు. తప్పు అంకె అలాగే ఉండి, దాని కింద దిద్దుబాటూ, దిద్దినవాళ్ల పేరూ పడతాయి. తొంభై ఐదు కింద ఎనభై ఆరు, దాని పక్కన నా పేరు. నాలో జాలి హద్దు దాటుతోందని అనిపించిన రోజున ఇప్పటికీ ఆ పేజీ తీసి చూసుకుంటాను.

ఆదివారం మనవరాలిని పీట మీద కూర్చోబెట్టే వేళకు అనసూయమ్మగారు ట్యాబ్ పట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డారు. గుంటూరు ఆసుపత్రి మంచం మీది నుంచి, ముక్కుకు గొట్టంతో, కోటమ్మ అంతా చూసింది. "ఆ జడ కొంచెం ఎత్తి చూపించండే," అని అక్కడి నుంచే పురమాయించింది కూడా. రెండు వారాలకు ఇంటికొచ్చింది. దేవుడు నా మీద చూపిన దయల్లో దాన్నే నేను మొదట లెక్కపెడతాను. ఆ దయ స్కూటరు వేసుకుని వచ్చిందని కూడా నాకు తెలుసు.

తర్వాత నాలుగేళ్లకు మా జాబితాలో పన్నెండో ఇల్లు చేరింది. అది కేంద్రం వెనక రెండు గదుల ఇల్లు, అనసూయమ్మగారిది. గుండె బలహీనపడింది. కాళ్లకు నీరు, నాలుగడుగులకే ఆయాసం. గొంతు మాత్రం తగ్గలేదు. రోజూ చివరగా ఆమె దగ్గరికే వెళ్లేదాన్ని, కాసేపు కూర్చోవచ్చని.

ఒక ఉదయం క్లిప్పు ఆమె వేలి మీద ఎనభై మూడు చూపించింది. నేను చెయ్యి రుద్ది వెచ్చచేశాను. మరో వేలికి మార్చాను. కిటికీ తెరిచాను. ఆమె కళ్లు మూసుకునే ఉన్నారు.

"ముందు నీ వేలికి పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానమ్మా."

"ఎంత?"

"తొంభై ఎనిమిది."

"అయితే మెషిన్ బాగానే ఉంది. నాది రాయి."

రాశాను. గుంటూరు నుంచి ఫోను వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆ అంకె వల్ల ఆమెకు ఇంకో వేసవి దక్కింది. వాకిట్లో కుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్లందరినీ పలకరించి, తిట్టి, మందులు వేసుకున్నారో లేదో కనుక్కుంటూ గడిపారు. తొలకరి పడ్డాక ఒక పగటి నిద్రలో వెళ్లిపోయారు. ఆ ఉదయం ఆమె అంకె కూడా నేనే రాశాను, ఉన్నది ఉన్నట్టు.

ఇప్పుడు కేంద్రం బాధ్యత నా మీదే ఉంది. ఈ ఉదయం మొదటి ఇల్లు కోటమ్మది. నా వేలి మీద తొంభై ఎనిమిది చూసి, ఇచ్చిన ఊపిరికి మనసులో స్తోత్రం చెప్పుకుంటూ ఒక్క క్షణం నిలబడ్డాను. కోటమ్మ అప్పటికే వేలు చాపుకుని కూర్చుంది.

"రోజూ ముందు నీకే పెట్టుకుంటావేందే శాంతమ్మా, నాకేమన్నా మిగులుస్తావా?" అంది దగ్గుతూ.

"ఘాటుకేనా ఆ దగ్గు?" అని అడిగాను.

"ఘాటుకే."

"చూద్దాం," అని ఆమె పక్కన కూర్చున్నాను.