కానుగ చెట్టు రెండో చిగురు

ఇది ఒక మహా యుద్ధగాథ. ఇందులో విషప్రయోగం ఉంది, పునర్జన్మ ఉంది, గొడ్డలి కూడా ఉంది. యుద్ధం మాత్రం లేదు. దర్శి దగ్గర మా ఇంటి ముందున్న పొట్టి కానుగ చెట్టుకు ఆకులు రాలాయి, అంతే.

రాల్చింది మా నాన్న. మా వైపు రైతులు స్ప్రేయర్ ట్యాంకులో మిగిలిన మందును పారబొయ్యరు. చేతిలో గన్ను ఉండగా ఎదురుగా పచ్చగా ఏం కనబడినా కొట్టేస్తారు. పోయిన వానాకాలం ఒకరోజు, పొద్దున పత్తి గట్ల మీద కలుపు మందు కొట్టిన ట్యాంకులోనే, కడగకుండా, సాయంత్రం మిరపకు పురుగుమందు కలిపాడు. అంతలో చినుకులు పడ్డాయి, ఇక మిరప మీద మందు నిలవదు. కలిపిందంతా కానుగకు పట్టించాడు. వారం తిరక్కుండానే చెట్టు బోడి అయింది.

నాయనమ్మ ఏటా ఎండాకాలం ఆ నీడలోనే కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంది. అందుకే నాన్న ఒక పరిష్కారం ఆలోచించాడు.

"నరికేసి రేకుల షెడ్డు వేద్దామే అమ్మా."

"రేకుల కింద కూచుంటే మిరపకాయల కంటే ముందు నేనే ఎండుతా. పో అవతలికి!"

ఆ రోజు నుంచి అంట్లు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు అన్నీ చెట్టు మొదట్లోకే. మొయ్యడం నా వంతు, తిట్టడం నాయనమ్మ వంతు. నెల తిరిగేసరికి కొమ్మలనిండా చిగురు. నేను విజయం ప్రకటించాను.

తొందరపడ్డాను. కానుగ మామూలుగానే ఎండాకాలం ముందు ఆకు రాల్చి కొత్త కొమ్మలు వేస్తుంది. ఏటా మూరెడు సాగే కొమ్మ ఈసారి జానెడు దగ్గరే ఆగింది. ఎండాకాలం ముందు వేసే ఈ చిగురు కోసం కొమ్మల్లో, వేళ్లలో దాచుకున్న తిండిని చెట్టు వానాకాలంలోనే, మందు దెబ్బకు వేసిన రెండో చిగురుకు ఖర్చుపెట్టేసింది. ఎండాకాలానికి నీడ చాప వెడల్పు మిగిలింది.

నాన్న ఈసారి గొడ్డలితోనే వచ్చాడు. నాయనమ్మ మొదలుకు వీపు ఆనించి, చుట్టూ కాయలు పోసుకుని కూర్చుంది.

"లెగవ్వే అమ్మా."

"ఈ కుప్ప అయ్యాక లేస్తాలేరా."

"ఆ నీడ నీకేం సరిపోద్ది?"

"నేనేమన్నా ఏనుగునా?"

కుప్ప అయ్యేలోగా ఇంకో బస్తా విప్పమని నాకు సైగ చేసింది. విప్పాను. నీడ జరిగినప్పుడల్లా ఆమె పీట జరిగింది, పీట వెనక బస్తాలు జరిగాయి. చూసి చూసి నాన్న గొడ్డలిని అటక మీద పెట్టాడు.

వచ్చే ఏడు మూరెడు కొమ్మ వస్తుందని నాయనమ్మ అంటుంది. దానికి త్యాగాలేమీ అక్కర్లేదు. కలుపు మందు కొట్టాక ట్యాంకును సబ్బునీళ్లతో కడిగితే చాలు. ఆ మాట మందు డబ్బా మీదే ఉంది.