టేపుకందని కొలత

వీధిలో అందరూ ఆవిడను మిషనత్త అనేవారు. ముప్పై ఏళ్లుగా మెడలో టేపు వేసుకుని బట్టలు కుట్టిన మనిషి. ఒడ్డూ పొడుగూ కంటితోనే చెప్పగలదు. అయినా టేపు పెట్టి చూస్తేగానీ కత్తెర పట్టేది కాదు.

గొంతు కింద గడ్డ కనిపించాక తన మెడకీ అదే న్యాయం. నెలకోసారి టేపు చుట్టి, ఆ అంకెను సుద్దతో గోడమీద రాసేది. రెండేళ్లుగా అది పదిహేనున్నర దాటలేదు.

"చూశావా, పావంగుళం కూడా పెరగలేదు. దీనికి ఆసుపత్రి దేనికే?" అని కోడలి నోరు మూయించేది.

కోడలు మాటకారి కాదు గానీ ఆమె కంట ఏదీ పడకుండా పోదు. అత్త వెల్లకిలా పడుకోవడం మానేసింది. మూడు దిండ్లకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తోంది. ఒకరోజు పై అరలోని గుడ్డ తాను కోసం రెండు చేతులూ ఎత్తేసరికి ముఖం జేవురించి, ఊపిరందక స్టూలు మీద కూలబడింది. కోడలు వెంటనే ఆటో పిలిచింది.

డాక్టరమ్మ స్కాన్ ఫిల్మును వెలుగుకు పట్టింది. "గడ్డ బయటికి కాదమ్మా, ఛాతీ ఎముక వెనక లోపలికి దిగింది. గాలిగొట్టాన్ని నొక్కేస్తోంది."

మిషనత్త ఆ ఫిల్మును దగ్గరికి తీసుకుని చూసింది. "లోపలికి మడిచిన గుడ్డ టేపుకందదు. ఆ సంగతి నాకు తెలిసుండాల్సింది" అంది.

"ఆపరేషన్ చేసి తీసేయాలి. చాలామందికి మెడ దగ్గర కోతతోనే పైకి వచ్చేస్తుంది. రాకపోతే ఛాతీ ఎముక తెరవాలి. గొంతు నరం పక్కనే ఉంటుంది కాబట్టి మాట బొంగురుపోవచ్చు."

"మాట పోతే మా కోడలి ప్రాణం హాయిగా ఉంటుంది."

"మరి నన్నెవరు తిడతారత్తయ్యా?" అంది కోడలు. అత్త నవ్వబోయి దగ్గింది. సరేనంది.

ఎముక తెరవకుండానే గడ్డ వచ్చింది. మెలకువ వచ్చాక మాత్రం ఆవిడ నోట్లోంచి గాలే తప్ప మాట రాలేదు. కోడలు మంచం పట్టె వదల్లేదు. మూడో రోజు బొంగురుగా మాట పెగిలింది.

"గోడమీద అంకెలు తుడిచెయ్యి."

ఇంటికొచ్చిన మధ్యాహ్నం మిషనత్త ఒక్క దిండు మీద వెల్లకిలా పడుకుంది. మిగిలిన రెండింటినీ కోడలి వైపు తోసింది.

"గలీబులు ఎంత మాసిపోయాయో చూడు. విప్పు, కొత్తవి కుడతాను."