కెవిన్ వాళ్లమ్మ వాల్ట్జ్‌లో మూడో భాగం

దయ్యాలను నమ్మే మనిషిని కాను. నర్సు ఉద్యోగంలో చావులు చాలా చూశాను. ఏ గదిలోనూ నాకెవరూ కనబడలేదు. ఇప్పుడు చెప్పేదాంట్లో కూడా ఎవరూ కనబడరు.

సిడ్నీలో వెస్ట్‌మీడ్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తాను. అక్కడుండే కెవిన్‌కు ఎనభై ఎనిమిదేళ్లు. పక్షవాతంతో ఎడమచేయి పడిపోయేదాకా పల్లెటూళ్ల డాన్సుల్లో ఫిడిల్ వాయించినవాడు.

వాళ్లింట్లో తరాలుగా వస్తున్న ఒక వాల్ట్జ్ ఉంది. మూడేసి దెబ్బల నడకలో, జంటలు గుండ్రంగా తిరుగుతూ ఆడే బాణీ. గొర్రెల ఉన్ని కత్తిరించే కూలీలు దాన్ని ఊరూరా మోసుకెళ్లారట. ఒకచోట చివరి స్వరం పైకి పోతుంది. ఇంకోచోట రెండో భాగమే ముందొస్తుంది. కెవిన్ నలభై ఏళ్లు తిరిగి ఆరు రకాలు టేపుల్లోకి ఎక్కించాడు. ఏది ఎవరి దగ్గర విన్నాడో ఆయన చెబుతుంటే, చిన్నప్పుడు విజయనగరంలో వయొలిన్ నేర్చుకున్న నాకు దండం పెట్టాలనిపించేది.

దొరకనిది ఒక్కటే, వాళ్లమ్మ వాయించిన మూడో భాగం. ఆమె పోయేనాటికి ఆయనకు ఏడేళ్లు.

"ఉందని గుర్తుంది. ఎలా ఉంటుందో గుర్తులేదు" అనేవాడు. పెర్త్‌లో ఉన్న వాళ్లక్కకూ అంతే.

ఒక మధ్యాహ్నం టీ వేళ ఫిడిల్ నా చేతికిచ్చి వాయించమన్నాడు. నాతో పనిచేసే హైదరాబాద్ అమ్మాయి షబానా ఫోన్లో రికార్డు చేస్తోంది. మొదటి రెండు భాగాలు ఆయన కూనిరాగం తీస్తూ నాకు నేర్పినవే. అవి అయ్యాక కమాను దించబోయాను. దించలేదు. తర్వాతి స్వరమేదో నాకు తెలియదు, నా వేళ్లకు తెలుసు.

ఆపేసరికి కెవిన్ ఏడుస్తున్నాడు. "మమ్" అని వాళ్లమ్మను పిలిచాడు, అంతే.

"మూడోది ఎప్పుడు నేర్చుకున్నవ్ అక్కా?" అంది షబానా.

"నేర్చుకోలేదు."

"మరి ఎట్ల కొట్టినవ్?"

ఆరు టేపులూ మళ్లీ విన్నాను. అది ఎక్కడా లేదు. నేనే కల్పించానేమో, ఆయన ప్రేమకొద్దీ అమ్మదనుకున్నాడేమో అని కూడా ఆలోచించాను.

అందుకని వాళ్లక్కకు ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా రికార్డు వినిపించాం. మూడో భాగం మొదలవగానే ఆవిడ గొంతు కలిపింది. మధ్యలో షబానా వేలు తగిలి రికార్డు ఆగిపోయింది. ఆవిడ ఆగలేదు. చివరిదాకా పాడింది. తర్వాత మిగిలిన ముక్క పెట్టి విన్నాం. ఒక్క స్వరం తేడా లేదు.

కెవిన్ పోయి ఏడాదైంది. మూడో భాగం ఇప్పుడు నాకు వచ్చు. ఆ రికార్డు పెట్టుకుని, తప్పులు దిద్దుకుంటూ ఒక్కో స్వరమే నేర్చుకున్నాను. ఆ రోజు ఎక్కడా తడబడకుండా వాయించిన ఇదే చేతికి, అది పట్టుబడడానికి మూడు వారాలు పట్టింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.