ప్రకాశం సార్ కంప్యూటర్‌కు వైఫై

వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కి, సీసం తీగ లోపలి జిగురు కాలిన వాసన రాగానే నా చెయ్యి ఇప్పటికీ ముందు ప్లగ్గు వైపే పోతుంది. ఆ వాసనలోనే పన్నెండేళ్లుగా బతుకుతున్నాను. మెదక్‌లో ఈ రిపేరు దుకాణం నాదే, రోజుకు పది సార్లయినా ఆ పొగ పీలుస్తాను. అయినా మొదటి క్షణం మాత్రం భయమే. నిన్న ఒక స్పీకర్ బాగు చేస్తుంటే ఆ పొగ కాస్త ఎక్కువగా లేచింది. పని ఆపి కాసేపు కూర్చున్నాను. ప్రకాశం సార్ కంప్యూటర్ గుర్తొచ్చింది. ఆ కంప్యూటర్ వెనక నిలబడి నేను వైర్లు అతికించిన రోజులు గుర్తొచ్చాయి.

మా నాన్న కరెంటు పనికి పోయి స్తంభం మీదే ప్రాణం వదిలాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ తర్వాత అమ్మ నన్ను ఇంట్లో స్విచ్ కూడా ముట్టుకోనివ్వలేదు. లైటు వెయ్యాలంటే తనే లేచి వచ్చేది. డిగ్రీ అయ్యాక హవేలిఘనపూర్ నుంచి బస్సులో వచ్చి, చర్చికి వెళ్లే దారిలో ఉన్న టీవీ రిపేరు దుకాణంలో బిల్లులు టైపు చేసే పనికి చేరాను. ఆ దుకాణం ప్రకాశం సార్‌ది. అరవై దాటినవాడు, బక్కపలచని మనిషి. ఒకప్పుడు బడిలో సైన్స్ చెప్పి, రంగుల టీవీలు ఊళ్లోకి వచ్చిన కాలంలో ఉద్యోగం మానేసి ఈ పనిలోకి దిగాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. దుకాణం వెనక సందులోనే ఇల్లు.

చేరిన మూడో నెలలో ఒక రోజు పాత టీవీ ఒకటి బల్ల మీద పెట్టి, "ఇయ్యాల నువ్వు విప్పు" అన్నాడు.

"ప్లగ్గు పీకిన్రా సార్?"

"పీకిన. పీకినా సరే, దీని లోపట కరెంటు దాసుకొని ఉంటది. ఒక చెయ్యి ఎనకకు పెట్టుకో. ఒక్క చెయ్యితోనే పని చెయ్యి. రెండు చేతులు పెడితే కరెంటు గుండెల నుంచి పోతది."

"నాకు మస్తు భయమైతున్నది సార్."

"గది మంచిదే బిడ్డా. భయమున్నోళ్లు చూసి ముట్టుకుంటరు."

ఎడమ చేతిని వెనక చున్నీలో చుట్టుకుని, కుడి చేత్తో స్క్రూ విప్పాను. నాన్న గుర్తొచ్చి కళ్లు మసకబారాయి. సార్ పక్కనే నిలబడ్డాడు కానీ సాయానికి చెయ్యి చాచలేదు. ఆ రోజు టీవీ విప్పడమే కాదు, సాయంత్రం ఇంటికి పోయి అమ్మ లేచేలోపు నేనే లైటు వేశాను. అమ్మ నా చేతినే చూస్తూ ఉండిపోయింది.

ఆయన ఇంట్లో ఎనభైలలో కొన్న కంప్యూటర్ ఒకటి ఉండేది. కీబోర్డే కంప్యూటర్. వేరే డబ్బా ఉండదు. టీవీకి తగిలిస్తే తెర మీద నీలి రంగు మీద తెల్లటి పెద్ద అక్షరాలు వచ్చేవి. బడిలో ఉన్నప్పుడు హైదరాబాద్ పోయి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నాడట. పాతికేళ్లుగా దాన్ని విప్పుతూ, తుడుస్తూ, బతికిస్తూ వచ్చాడు. ఆ మీటలు ఆయన వేళ్లకు ఎంత అలవాటంటే, మాట్లాడుతూ నా మొహం చూస్తూనే టైపు చేసేవాడు.

తెలంగాణ కోసం ఊరూవాడా రోడ్ల మీదికి వచ్చిన ఆ ఏళ్లలోనే సార్ గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం, దాంట్లో చిన్న గొట్టం, ఆ గొట్టం లోపల శుభ్రం చేసుకోవడానికి బయటికి తీసే ఇంకో సన్న గొట్టం. ఇక ఊపిరంతా దాంట్లోంచే. మాట పూర్తిగా పోయింది. బంద్ రోజున అంబులెన్సులో తీసుకొస్తుంటే దారిలో మూడు చోట్ల జనం రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. ప్రతిచోటా లేచి దారిచ్చారు. అయినా బండి నెమ్మదించిన ప్రతిసారీ సార్ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. నాకు ధైర్యం చెప్పడానికే అనుకున్నాను.

ఇంటికొచ్చాక ఆయన చేతులు వణకడం మొదలైంది. నోట్‌బుక్‌లో రాస్తే గీతలే తప్ప అక్షరాలు కనిపించేవి కావు. సెల్‌ఫోన్ మీటలు మరీ చిన్నవి. పాత కంప్యూటర్ మీద మాత్రం వేళ్లు దారి తప్పేవి కావు. ఒక పొద్దున నన్ను పిలిపించి, టీవీ తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలే టైపు చేశాడు.

"దీనికి వైఫై పెడదాం. నేను ఇక్కడ కొడితే దుకాణంల నీకు కనపడాలె."

"ఎందుకు సార్? జర నడిస్తే వస్త కదా."

"రిపేర్ల సంగతి అడగనీకి. నా చేతులు వణుకుతున్నయ్. నువ్వే పెట్టాలె."

ఆయనకు మిగిలిన ఒకే ఒక్క నోరు అది. దాని వెనక నేను వైర్లు అతికించాలి. పొరపాటు జరిగితే ఆ మనిషి రెండోసారి మూగవాడైపోతాడు. అలాంటిది ఇంకొకటి మెదక్‌లోనే కాదు, ఎక్కడ వెతికినా దొరకదు. "నాతోని కాదు సార్" అన్నాను. ఆయన స్క్రూడ్రైవర్ తీసి నా ముందు పెట్టాడంతే.

హైదరాబాద్ నుంచి అగ్గిపెట్టెంత వైఫై బోర్డు తెప్పించాం. కంప్యూటర్ ఐదు వోల్టులు పంపుతుంది, బోర్డు మూడు చిల్లరే తట్టుకుంటుంది. మధ్యలో రెసిస్టర్లనే రెండు చిన్న ముక్కలు పెట్టి ఆ వోల్టులు తగ్గించాలి. అది సరిగ్గానే చేశాను. కానీ కరెంటు తీసుకునే చోట పక్క పిన్నుకు వైరు అతికించాను. స్విచ్ వెయ్యగానే బోర్డు మీద సన్నటి పొగ లేచింది. టీవీ తెర నల్లగా అయిపోయింది. నేను ప్లగ్గు పీకి గోడకు ఆనుకుని కింద కూలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు. సార్ నిదానంగా లేచి, కాలిన బోర్డు పీకేసి, వణికే చేతుల్తోనే కంప్యూటర్ ఫ్యూజు మార్చి మళ్లీ ఆన్ చేశాడు. నీలి తెర వెలిగింది.

"బోర్డే పోయింది. ఇంకోటి తెప్పియ్యి" అని కొట్టాడు.

సమ్మెతో బస్సులు నిలిచిపోయి రెండో బోర్డు రావడానికి రెండు వారాలు పట్టింది. ఈసారి ప్రతి పిన్నునూ మీటరుతో మూడుసార్లు చూసుకున్నాను. అతికించి, దుకాణానికి పరుగెత్తి, నా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కో అక్షరం, నడక నేర్చుకుంటున్న పిల్లలా, తెర మీదికి వచ్చింది. "బిడ్డా."

అప్పటి నుంచి రోజూ ఆ అక్షరాలు వచ్చేవి. ఆ టీవీ అయిందా, ఈ మిక్సీ తీసుకుపోయారా, చాయ్ తాగినావా. పది నిమిషాలకు ఒకటి. అన్నిటికీ జవాబు కొట్టడం కొన్నిసార్లు విసుగ్గా ఉండేది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం, మళ్లీ బంద్. షట్టర్ సగం దించి లోపల పని చేసుకుంటున్నాను. బయట పెద్ద ర్యాలీ పోతోంది, డప్పులు, నినాదాలు. తెర మీద "గాలి" అని వచ్చింది. ఆగిపోయింది. ఇంకో మాట వస్తుందని చూశాను. "సార్?" అని కొట్టాను. జవాబు లేదు. షట్టర్ కింది నుంచి దూరి, జనాన్ని తోసుకుంటూ సందులోకి పరుగెత్తాను.

సార్ కుర్చీలోంచి కిందికి జారి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. ఛాతీ ఎగురుతోంది కానీ గాలి లోపలికి పోతున్న చప్పుడే లేదు. ఆయన వేలు మెడ వైపు చూపిస్తోంది. గొట్టంలో తెమడ ఎండి అడ్డుపడింది. ఆయన దాన్ని శుభ్రం చేసుకోవడం దూరం నుంచి చూశానే కానీ ఏనాడూ ముట్టుకోలేదు. చూడటానికే భయపడేదాన్ని. కేకేస్తే డప్పుల మోతలో ఎవరికీ వినపడదు. మోకాళ్ల మీద కూర్చుని, లోపలి గొట్టాన్ని పట్టుకుని కొద్దిగా తిప్పి లాగాను. రాలేదు. ఇంకోవైపు తిప్పాను. జారి నా చేతిలోకి వచ్చింది. ఈలలాంటి చప్పుడుతో గాలి ఆయన లోపలికి దూసుకుపోయింది. ఆయన దగ్గు నా మొహం మీద పడింది. నేను తుడుచుకోలేదు. ఆ చప్పుడు మళ్లీ వస్తుందా లేదా అని వింటూ అలాగే కూర్చున్నాను. మళ్లీ వచ్చింది. మళ్లీ వచ్చింది.

రోడ్డు ఖాళీ అయ్యాక దవాఖానకు తీసుకుపోయి చూపించాను. తిరిగొచ్చాక, పడుకోమన్నా వినకుండా ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నేను వెనకే నిలబడి చదివాను.

"రిపేర్ల కోసం కాదు బిడ్డా. నువ్వు దుకాణంల ఉంటవు. నేను ఒక్కన్నే ఉంటే భయమైతది. పిలిస్తే వినపడదు. ఆ సంగతి చెప్పనీకి సిగ్గైంది. అందుకే వైఫై అన్న."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. అంబులెన్సులో నా మణికట్టు ఎందుకు పట్టుకున్నాడో అప్పుడు తెలిసింది. పది నిమిషాలకోసారి వచ్చిన ఆ ప్రశ్నలన్నీ ఏమిటో కూడా తెలిసింది. మర్నాటి నుంచి నా బల్లను ఆయన ఇంటి ముందు గదిలోకి మార్చాను. దుకాణానికి వచ్చినవాళ్లను ఇంటికే పంపమని పక్క చాయ్ హోటలాయనకు చెప్పాను. ఎదురెదురుగా కూర్చున్నా సార్ ఆ కంప్యూటర్ మీదే మాట్లాడేవాడు. రిపేర్ల గురించి అడగడం మాత్రం తగ్గింది. తన భార్య గురించి, బడి గురించి, రాత్రి వచ్చిన కలల గురించి చెప్పేవాడు. రాష్ట్రం వచ్చిన ఏడాది చలికాలంలో, జ్వరంతో దవాఖానలో పోయాడు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. చెయ్యి పట్టుకునే ఉన్నాను.

ఇప్పుడు నా దుకాణానికి ఫోన్ చేసేవాళ్లలో, చేగుంట దగ్గర ఒక ముసలమ్మ ఉంది. ఈ ఏడాదిలో నాలుగుసార్లు ఫోన్ చేసింది, టీవీ పాడైందని. నాలుగుసార్లూ టీవీకి ఏమీ కాలేదు. మొన్న మళ్లీ చేసి, "బొమ్మ జర అదురుతున్నట్టు అనిపిస్తున్నదమ్మా, ఒకపారి వస్తవా?" అంది. మా అమ్మ పక్కనుండి, దానికోసం అంత దూరం పోవాలా అంది. నేను బండి తీసి వెళ్లాను. వెనక మూత విప్పి, దుమ్ము తుడిచి, మళ్లీ బిగించాను. ఆమె పెట్టిన చాయ్ తాగి, వానలు మొదలయ్యాక ఇంట్లో ఒక్కతే ఎట్లా ఉంటోందో అడిగాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నేను తొందరపడలేదు.