పదో నంబరు పోయినాడు

మేము పడుచుగా ఉన్న కాలంలో హీరో అన్నవాడు చివరి రీలులో చచ్చిపోవాలి. ఇప్పటి హీరోలు లారీ గుద్దినా లేచి పాట పాడతారు గానీ, మా హీరో మాత్రం మాట తప్పకుండా చచ్చేవాడు. (పేరు అడగొద్దే మనవరాలా. హీరో అని రాయి, చాలు.) చావడంలో ఆయనను మించినవాడు లేడు. తెల్ల దుప్పటి గడ్డం దాకా కప్పుకుని, తల ఎడమ పక్కకు వాల్చి, ఎవరో తెలిసినవాళ్ళు పిలిచినట్టు చిన్నగా నవ్వి, కళ్ళు మూసేవాడు. పుంగనూరు టాకీసులో ఆడవాళ్ళ బెంచీల వైపు ఏడుపులు మొదలైతే బయట సోడాలమ్మే మనిషికి కూడా తెలిసిపోయేది, హీరో పోయాడు, ఇంక ఆట వదిలే వేళయిందని. మా నాయన చర్చిలో పాస్టరు. సినిమా పేరెత్తితే పాపం. అయినా మా పిన్నమ్మ పుణ్యమా అని నేను ఆయన చావులు మూడు చూశాను.

పద్దెనిమిదో ఏట నన్ను నర్సు ట్రైనింగుకు పంపారు. మదనపల్లె అవతల గుట్టల మధ్య, ఇప్పుడు లేదులే, ఒక దగ్గు ఆసుపత్రి, అదే క్షయ రోగులది, ఉండేది. పొడుగాటి వరండాల్లో వరసగా మంచాలు. పగలు ఒంటిగంట నుంచి మూడు దాకా రెస్టు గంట. (రెండు గంటలైనా దాన్ని రెస్టు గంట అనే అనేవాళ్ళు.) గంట కొట్టగానే ఎనభైమంది తెల్ల దుప్పట్లు కప్పుకుని కళ్ళు మూసుకోవాలి. మాట్లాడకూడదు, దగ్గినా మెల్లగా దగ్గాలి. మేము కూడా గుసగుసగానే మాట్లాడాలి. పట్టపగలు, ఎండలో, అంతమంది మనుషులు ఉండి చప్పుడు లేకపోతే ఎట్లుంటుందో నీకు చెప్పలేను. నా చెప్పుల చప్పుడే నా వెనక ఇంకెవరో నడుస్తున్నట్టు వినపడేది. అక్కడ ఇంకో అలవాటు ఉండేది. ఎవరైనా చనిపోతే ఆ మంచం మీది పరుపు తీసి ప్రహరీ గోడ మీద ఎండకు వేసేవాళ్ళు. గోడ మీద పరుపు కనిపిస్తే ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

ఆ వార్డులో పదో నంబరు మంచానికి ఒకరోజు కొత్త పేషెంటు వచ్చాడు. టెంపరేచరు చూద్దామని దగ్గరికి పోయాను. మా హీరో! నా చేతిలో థర్మామీటరు వణికింది. తెర మీద "దేవీ, నా ప్రాణమే నీకు కానుక" అన్న ఆ గొంతుతో నాతో ఏమన్నాడనుకున్నావు?

"ఏం పాపా, గడగడ వణకతా ఉండావు? జరమొచ్చింది నీకా, నాకా?"

కుప్పం పక్క పల్లెటూరి మనిషట! ఆయన జీవితం మొత్తం నేను థర్మామీటర్ల మధ్యలో విన్నాను. నోట్లోంచి తీయగానే మొదలుపెట్టేవాడు, పెట్టగానే ఆగిపోయేవాడు. నాటకాల కంపెనీతో పోయింది ఒక పూట, మద్రాసులో ఒక పంతులు ఆరు నెలలు ఈ యాస మాన్పించింది ఒక పూట, పెద్ద పేరొచ్చింది ఇంకో పూట. దగ్గు మొదలయ్యాక ఇంటికి కార్లు రావడం మానేసిన సంగతి మాత్రం థర్మామీటరు నోట్లో ఉండగానే చెప్పాడు. నాకు సరిగా అర్థం కాలేదు.

రెస్టు గంటలో ఆయన దగ్గరికి పోవాలంటే నాకు భయం. అదే తెల్ల దుప్పటి, అదే ఎడమ పక్కకు వాల్చిన తల. తెర మీద ఎట్లా చచ్చేవాడో ఇక్కడ అట్లా నిద్రపోయేవాడు. ఎన్నోసార్లు నాడి పట్టుకుని చూశాను. కళ్ళు తెరవకుండానే, "ఉండానులే పాపా" అనేవాడు.

జబ్బు నయమైంది, ఇంకో పది రోజుల్లో పంపిస్తామన్నారు. అప్పుడే మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త సినిమాలో హీరోకు తండ్రి వేషం, రెండే సీన్లు, శనివారం పొద్దునకల్లా రావాలి. డాక్టరు కుదరదన్నాడు. ఆ రోజు హీరో అన్నం తినలేదు.

"పాపా, నాలుగేండ్లయింది నన్నెవురూ పిల్సక. ఈ ఒగసారి పోకుంటే ఇంగెవురూ పిలవరు. ఆ ఎనక గేటు తీస్తివంటే కుప్పం పోయి సాయంత్రం రైలు పట్టుకుంటా."

తెలిస్తే నా ట్రైనింగు పోతుంది. తెలిసే శుక్రవారం రెస్టు గంటలో గేటు తీశాను. ఆయన నాకు దండం పెట్టి, పెట్టె పట్టుకుని, నవ్వుతూ గుట్ట దిగిపోయాడు.

వెనక్కి తిరిగేసరికి వరండాలో పెద్ద సిస్టరు. గుంటూరు వైపు నుంచి వచ్చి నాలుగు రోజులే అయింది. ఖాళీ మంచం చూస్తూ గుసగుసగా అడిగింది.

"పదో నంబరు ఏడమ్మా?"

అబద్ధం నా నోటికి రాలేదు. "పోయినాడు సిస్టర్."

"అయ్యో! ఎప్పుడు?"

"ఇబ్బుడే. గంట కొట్టినంక."

"బాధపడ్డాడా?"

"లేదు సిస్టర్. నవ్వతానే పోయినాడు. చానా దినాల్నుంచి పోవాల పోవాలని ఒగటే యోచన ఆయప్పకు."

ఆమె కళ్ళు తుడుచుకుని నా భుజం తట్టింది. "మొదటిసారి కదా, ఇలాగే ఉంటుంది. ధైర్యంగా ఉండు" అంది. ఎంత మంచి మనిషి, తప్పు చేసినా తిట్టలేదే అనుకుని, నేను ముందే అడిగి పెట్టుకున్న మూడు రోజుల సెలవు మీద పుంగనూరు ఇంటికి వచ్చేశాను. (ఏమ్మే, రాస్తా ఉండావా, ఫోను సూస్తా ఉండావా?)

సోమవారం మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి గోడ మీద పరుపు. దాని మూలన నల్ల దారంతో కుట్టిన పది అంకె.

ఊడ్చే సోమల అవ్వ నన్ను చూసి చీపురు కింద పెట్టింది. "నీకు తెలీదా పాపా? మన హీరో సచ్చిపాయ. మద్రాసుకు తంతి గూడా కొట్టినారు."

దారిలో చచ్చిపోయాడు. కుప్పం స్టేషన్లోనో, బస్సులోనో, ఎవరూ లేని చోట. గేటు తీసింది నేను. డాక్టరు వద్దన్న మనిషిని పంపి చంపింది నేను. ఎవరికి చెప్పాలి? మా నాయనకు ఏ మొహం చూపించాలి? అంతలో రెస్టు గంట కొట్టారు, డ్యూటీ నాదే.

ఎండ ఉంది గానీ అందులో వేడి లేదు. ఎనభై దుప్పట్లు, ఒక్క కదలిక లేదు. ప్రార్థన గొణుక్కుంటూ ఒకటి, రెండు, మూడు అని మంచాలు దాటుకుంటూ వస్తున్నాను. పదో మంచం మీద పరుపు లేదు కదా, ఉత్త ఇనప స్ప్రింగులు. ఆ స్ప్రింగుల మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు. తెల్ల దుప్పటి గడ్డం దాకా. తల ఎడమ పక్కకు.

కళ్ళు మూసుకునే ఆ మనిషి గుసగుసగా అడిగాడు.

"పాపా, నేను సచ్చిపోయినానంట. నిజమేనా?"

చెయ్యి పట్టుకుని నాడి చూశాను. చల్లగా ఉంది, కానీ కొట్టుకుంటోంది. "ఉండారు సార్" అన్నాను.

"ఉండానా? ఎవుర్నన్నా అడుగుదామంటే అందరూ పరిగెత్తతారే!"

పెద్దపంజాణి దగ్గర బస్సు టైరు పంచరై శుక్రవారం రైలు దాటిపోయిందట. శనివారం రైలెక్కి, ఆదివారం స్టూడియోకు పోతే వాచ్‌మన్ గేటు వదిలేసి పారిపోయాడట. లోపల తన ఫోటోకు పూలదండ, ముందు అగరొత్తులు. ఎదురొచ్చిన ప్రతి మనిషీ ఈయనలోంచి అవతల ఏముందో చూస్తున్నట్టు చూశాడట. "నాకే అనుమానమొచ్చె పాపా. బస్సులో కునికినప్పుడే పోయినానేమో, ఈ తిరగతా ఉండేది నేను కాదేమో అని."

అప్పుడే పెద్ద సిస్టరు రౌండుకు వచ్చింది. ఆ ఆసుపత్రి కట్టినప్పటి నుంచి రెస్టు గంటలో వినపడిన మొదటి కేక ఆమెదే. ఎనభైమంది లేచి కూర్చున్నారు.

"పోయాడని చెప్పింది నువ్వే కదే!"

"పోయినాడనే కదా సిస్టర్ చెప్పింది! కుప్పానికి!"

వాళ్ళ వైపు మనుషులు వెళ్తారట, పోయేది చచ్చినవాళ్ళేనట. మేము బడికీ పోతాం, పెండ్లికీ పోతాం, వచ్చేవారం మళ్ళీ పోతాం. మరి శవమేదని ఎవరూ అడగలేదా అంటే, ఆఫీసు వాళ్ళు చుట్టాలు తీసుకుపోయారనుకున్నారు, సిస్టరు ఆఫీసు వాళ్ళు చూసుకున్నారనుకుంది. పెద్ద డాక్టరు నన్ను పిలిచి గంటసేపు తిట్టి, చివర్లో నవ్వాపుకోలేక బయటికి పొమ్మన్నాడు. ట్రైనింగు నిలిచింది.

నిలవనిది హీరో వేషం. తంతి అందగానే కథ మార్చేశారట. తండ్రి బతికుండటమెందుకు, ముందే చచ్చిపోయినట్టు గోడకు ఫోటో తగిలిద్దామని శనివారమే సీను తీసేశారు. ఆయన పోయేసరికి సెట్టు విప్పుతున్నారు. నేను ఏడ్చాను. ఆయన నవ్వి, "బొమ్మలో నా మొగమైతే ఉండాదిలే" అని తల తిప్పుకున్నాడు. ఇంటికి పంపించే దాకా థర్మామీటరు తీసినా మాట్లాడలేదు.

కొన్ని నెలలకు ఆ సినిమా పుంగనూరు వచ్చింది. కుప్పం నుంచి కార్డు ముక్క రాశాడు, మ్యాట్నీకి వస్తున్నానని. నేను ఆడవాళ్ళ వైపు, ఆయన తడిక అవతల. తెర మీద కొడుకు ఫోటో ముందు నిలబడి ఏడుస్తున్నాడు. అగరొత్తుల పొగలో ఆ ఫోటో పెదవులు కదిలినట్టే ఉంది. తడిక సందులోంచి చూస్తే, తెర వెలుగులో అదే మొహం, బెంచీ మీద కూర్చుని తనను తాను చూసుకుంటోంది. పక్కనున్న పెద్దాయన ఆయనతో అంటున్నాడు, "పాపం, సచ్చిపోయినాడంటప్పా."

"అవునంట" అన్నాడు హీరో.

నేను వారం రోజులుగా ఒక క్షమాపణ కూడబలుక్కుని ఉన్నాను, బైబిలు మాటలు కూడా కలిపి. ఆట వదిలాక ఎండలో నా ఎదురుగా వచ్చి నిలబడి, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా అడిగాడు.

"ఎట్ల చేసినాను పాపా?"

మొద్దు పిల్లను కదా, క్షమాపణ మొత్తం మరిచిపోయాను. "చానా సహజంగా చేసినారు సార్" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. నిజంగానే వెలిగింది. "అబ్బా, కన్నార్పకుండా చేసినాను సూడు" అన్నాడు.