మామ చెవులు, నా కొంగు

పోయిన మంగళవారం పొద్దున, అత్త ఇచ్చిన కాఫీ తాగుతూ తాగుతూనే మా మామ ప్రాణం పోయింది. ఆయన మా అమ్మకు తమ్ముడు. చెన్నై పెరంబూరులో బైకు సైలెన్సర్ల కొట్టు నడిపారు. మా వీధిలో చాలామంది ఆయన్ని తిట్టుకునేవాళ్ళు. నాకు మాత్రం, నాన్న పోయాక ప్లస్ టూ దాకా చదివించి, కొట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టిన మనిషి.

బండికి కంపెనీవాళ్ళు ఇచ్చిన సైలెన్సర్ ఊడదీసి, లోపల పొగను శుభ్రం చేసే జల్లెడ లేని పైపు బిగించడం ఆయన పని. బండి అరవాలి, అంతే. పొగ సర్టిఫికెట్ కావలసిన రోజు కుర్రాళ్ళు వచ్చి, మా అటక మీద దాచిన పాత సైలెన్సర్ తగిలించుకుని పోయేవాళ్ళు. సాయంత్రానికి మళ్ళీ ఆయన పైపే.

ఎదురింట్లో పక్షవాతంతో మంచం పట్టిన పెద్దామె ఉంది. పైపు పరీక్ష చేసినప్పుడల్లా ఆమె ఒళ్ళంతా ఉలిక్కిపడేది. కూతురు వచ్చి బతిమాలితే మామ నవ్వారు. “ఉలిక్కిపడతా ఉందా? అయితే ఇంకా బతికే ఉందిలేమ్మా, సంతోషపడు.”

నన్నూ వదిలేవారు కాదు. నా గొంతు చిన్నది. కొట్లో అమ్మవారి పటం ముందు దీపం పెట్టి స్తోత్రం చదువుకుంటుంటే, “ఏమే, ఈడుండే నాకే వినపడలా, ఆడుండే ఆయమ్మకి యాడ వినపడతాది?” అనేవారు. అంటూనే, నేను లేచేదాకా గ్రైండర్ ముట్టేవారు కాదు.

నిజంగానే వినపడటం లేదని తర్వాత తెలిసింది. ఏళ్ళ తరబడి ఆ పైపుల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నారు. డాక్టరు చెవికి మిషను పెట్టుకోమంటే కసురుకున్నారు. “మిషను పెట్టుకున్నోడి దగ్గర ఎవుడు పైపు బిగించుకుంటాడే? చెవే కదా నా కొట్టు!” అదీ నిజమే. ఏ శబ్దం కుదిరిందో, ఏది పగులుతోందో చెవితో పట్టేస్తారనే బండ్లు వచ్చేవి. ఆ చెవి లేదని తెలిస్తే కొట్టు మూతే.

అందుకని మాలో మేము ఒక ఏర్పాటు చేసుకున్నాం. బండి యాక్సిలరేటర్ తిప్పుతున్నప్పుడు నేను ఆయనకు ఎదురుగా నిలబడాలి. శబ్దం పగిలితే కొంగు కుడిభుజం మీదికి కప్పుకోవాలి. శబ్దం కుదిరితే కొంగును ఎడమచేత్తో పట్టుకోవాలి. గట్టిగా మాట్లాడటమే రాని నేను, ఊళ్ళో పిల్లలు ఉలిక్కిపడే శబ్దాలకు సరే అంటూ వచ్చాను.

పోలీసులు శబ్దం కొలిచే మిషన్లతో రోడ్ల మీద నిలబడి, బండివాడికి ఫైను, బిగించినవాడికి కేసు అనడం మొదలయ్యాక మామ బోర్డు తీసేశారు. సగం షట్టర్ దించి పని చేశారు. ఇక వచ్చేది మా వీధి కుర్రాళ్ళే. వాళ్ళకు ఆయన చెవుల మీద అనుమానం వచ్చింది.

ఒక మధ్యాహ్నం నలుగురు వచ్చారు. కొత్త పైపు బిగించాక ఒకడు బండెక్కి, “తాతా, ఎట్లుందో చెప్పు!” అని యాక్సిలరేటర్ తిప్పాడు. ఇంజన్ స్టార్ట్ చేయనేలేదు. ఇంకొకడు వెనక సీటు పట్టుకుని బండిని ఊపుతున్నాడు. మామ కళ్ళు సగం మూసుకుని, తల వంచి విన్నారు. తర్వాత నా వైపు చూశారు. ఏమీ తోచక నేను కొంగు ఎడమచేత్తో గట్టిగా పట్టేసుకున్నాను.

“అదిరా శబ్దం! గుండెకాయలో కొడతా ఉంది చూడు!” అన్నారు మామ.

కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు.

“సెమ తాతా, సూపరు! ఇంకొంచెం పెంచేదా?”

“డేయ్, వద్దురా, తాత చెవులు పోతాయి!”

మెచ్చుకుంటున్నారనుకుని ఆయనా వాళ్ళతో కలిసి నవ్వారు. నవ్వుతూనే వంగి పైపు నోటి దగ్గర అరచెయ్యి పెట్టారు. గాలి లేదు. చెయ్యి తియ్యకుండా అట్లాగే కూర్చుండిపోయారు.

“వీళ్ళకి టీ చెప్పు పాపా,” అన్నారు.

వాళ్ళు టీ తాగుతూ ఆయన ముందే ఆయన్ని వెక్కిరించారు. వాళ్ళ పెదాలు కదలడం ఆయన చూస్తూనే ఉన్నారు. ఆ తర్వాత ఒక్క బండీ రాలేదు. కొట్టు మూసేశాం. నా గొంతు వినపడలేదని ఆయన మళ్ళీ ఎప్పుడూ ఎగతాళి చెయ్యలేదు.

మంగళవారం ఆ నలుగురూ వచ్చారు. దండ వేశారు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చారు. ఇష్టమైనవాళ్ళను సాగనంపేటప్పుడు మా వీధి కుర్రాళ్ళు బండ్లు అరిపిస్తారు. షామియానా కింద బల్ల మీద మామను పడుకోబెడితే, ఆయన కాళ్ళ దగ్గర వరసగా బండ్లు నిలబెట్టి అన్నిటి యాక్సిలరేటర్లూ ఒక్కసారిగా తిప్పారు. అన్నీ ఆయన బిగించిన పైపులే. మూలనున్న కానిస్టేబుల్ మొహం అటు తిప్పుకున్నాడు. ఎదురింటివాళ్ళు తలుపు మూసుకున్నారు. ఆ అదురుకు బల్ల వణికి, మామ గుండెల మీద పోసిన గులాబీ రేకులు లేచి లేచి పడుతున్నాయి.

అత్త దిగ్గున లేచి ఆయన గుండె మీద చెయ్యేసింది.

“ఊపిరి! ఊపిరాడతా ఉంది! ఆపండ్రా!”

వాళ్ళకు వినపడలేదు. ఇంకా గట్టిగా తిప్పారు. అత్త వేళ్ళ సందుల్లో రేకులు కదులుతూనే ఉన్నాయి.